దొర మీద లైటు వేసిన వెంకటస్వామి

సినిమాలో దొర నీడను గోడమీద రెండు నిలువుల ఎత్తు లేపి, చేతులు కట్టుకు నిలబడ్డ రైతు మీద పడేలా చెయ్యడం వెంకటస్వామి సాధించిన మొదటి ఘనత. ఊరికే రాలేదది. అంతకుముందు నాలుగేళ్లు మద్రాసు స్టూడియోలో వైర్లు మోశాడు, వేళ్లు కాల్చుకున్నాడు, తిట్లు తిన్నాడు. ఒకనాడు తెగించి, పైన ఉండాల్సిన లైటును దొర కాళ్ల దగ్గర పెట్టాడు. కెమెరామన్ చూసి, "ఎవడ్రా అది పెట్టింది? కదిలించకండి!" అన్నాడు. ఆ సినిమా గుడివాడ వచ్చినప్పుడు మా దివిసీమ పల్లె జనం బస్సులు మారి వెళ్లి చూశారు. మావాళ్లలో సినిమా లైట్ల పనికి వెళ్లి నిలదొక్కుకున్న మొదటివాడు వెంకటస్వామే. బామ్మర్ది రాంబాబును కూడా ఆ పనిలో పెట్టించాడు.

1962 ఫిబ్రవరిలో ఆ కంపెనీ మా పల్లెకే షూటింగుకు వచ్చింది. ఇది సవ్యంగా జరిగితే వెంకటస్వామిని లైట్ మేస్త్రిని చేస్తామన్నారు. అతని భార్య నాగేశ్వరమ్మ కళ్లం గట్టున కూర్చుని చూస్తోంది. కళ్లం మధ్య గొయ్యి ఎందుకు తవ్వుతున్నారో ఆమెకు అంతుపట్టలేదు.

"కెమెరా అందులో దించుతారే. కింద నుంచి చూస్తే దొర తాటిచెట్టంత కనపడతాడు. రైతునేమో గడ్డివాము ఎక్కి తీస్తారు. ఎలకపిల్లంత అవుతాడు," అన్నాడు వెంకటస్వామి.

"అంతోటి దానికి గొయ్యెందుకండీ? మనకి రోజూ అలాగే కనపడుతున్నారుగా!"

వెంకటస్వామి పకపకా నవ్వాడు.

సముద్రానికి దగ్గరి నేల. మోకాలి లోతు తవ్వేసరికే ఉప్పునీరు ఊరింది. దొరికిన చెక్కపలకలన్నీ కెమెరా కింద, కెమెరామన్ కాళ్ల కింద పరిచారు. దొర ముఖం భయంకరంగా కనపడాలంటే లైటు కూడా గోతిలోంచే పడాలి. లైటు పట్టే మనిషికి పలక మిగల్లేదు.

"ఇంకో రెండు పలకలు తెప్పించండయ్యా. కరెంటు వైరుతో నీళ్లలో నిలబడలేం," అన్నాడు వెంకటస్వామి.

షూటింగు ఏర్పాట్లు చూసే పట్టాభిరామయ్యగారు ఆకాశం వంక చూశారు. "అవతల పొద్దు గుంకుతోంది. నీ ఊరని పెత్తనం చేస్తున్నావా? భయమైతే చెప్పు, రాంబాబు దిగుతాడు."

రాంబాబు అప్పటికే పంచె ఎగ్గడుతున్నాడు.

"వద్దురా తమ్ముడూ!" నాగేశ్వరమ్మ లేచి నిలబడి కేక పెట్టింది.

వెంకటస్వామి ఒక్కసారి ఆమె వైపు చూశాడు. "నువ్వుండరా," అని బామ్మర్దిని పక్కకు నెట్టి, లైటు అందుకుని గోతిలోకి దిగాడు. తమ్ముణ్ణి ఆపిన కేక మొగుణ్ణి దించుతుందని ఆ పిచ్చితల్లికి తోచలేదు.

దొర వేషగాడు కర్ర ఎత్తాడు. లైటు వెలిగింది. వెంకటస్వామి కుడిచెయ్యి దానికే అతుక్కుపోయింది. జనరేటరు ఆపేసరికి అతను నీళ్లలో వెల్లకిలా పడి ఉన్నాడు.

బందరు ఆసుపత్రిలో ప్రాణం నిలిపారు. చెయ్యి మాత్రం మోచేతి దాకా తీసేశారు.

మర్నాడు గోతిలోకి పలకలు వచ్చాయి. లైటు రాంబాబు పట్టుకున్నాడు. షాటు అద్భుతంగా వచ్చిందని మెచ్చుకుని, మేస్త్రి పని అతనికే ఇచ్చి మద్రాసు తీసుకుపోయారు. వెళ్లేముందు అక్క గుమ్మంలో చాలాసేపు నిలబడ్డాడు. ఆమె పొమ్మనలేదు, రమ్మనలేదు.

ఇప్పుడు నాగేశ్వరమ్మ ఎడమచేత్తో అన్నం కలపడం నేర్చుకుంటోంది, ఆయనకు చూపించాలని. ఇంటికి పంపిస్తామని డాక్టరుగారు చెప్పిన రోజు మార్చి పంతొమ్మిది, సోమవారం.