జరం తగ్గిన రోజు

ఆ ఏడు వానాకాలంలో డెంగీ జ్వరం వచ్చి పాలమూరులో ఒక దవాఖానలో చేరాను. అక్కడి నర్సమ్మ సన్నటి మనిషి, మాట తక్కువ. అందరూ నుదురు ముట్టి చూస్తే, ఆమె ముందు పాదాలు పట్టి చూసేది.

నా పక్క మంచంలో ఆత్మకూర్ దిక్కు నుంచి వచ్చిన గొర్ల కాపరి ఉండేవాడు. ఐదో రోజు ఆయన జ్వరం దిగింది. గొంగడి భుజాన వేసుకుని ఇంటికి బయలుదేరాడు. నర్సమ్మ ఆయన్ని కూర్చోబెట్టి పాదాలు పట్టుకుంది. ఆయన గాబరాగా కాళ్ళు వెనక్కి తీసుకున్నాడు.

"నా కాళ్ళు పట్టుకుంటవేంది బిడ్డా! జరం పోయింది గద."

"పోయిందనే నా భయం, పెద్దయ్యా. కాళ్ళు సల్లగైనయ్. కడుపుల నొస్తుందా?"

"పొద్దటి సంది జర నొస్తాంది."

ఆమె డాక్టరు కోసం పరుగెత్తింది. బీపీ బాగా పడిపోయిందన్నారు. వెంటనే సెలైన్ ఎక్కించారు. జ్వరం దిగిన ఆ ఒకటి రెండు రోజులే డెంగీలో గండమని నాకప్పుడే తెలిసింది. ఆమె గంటగంటకూ వచ్చి నాడి చూసేది, మూత్రం వస్తోందా అని అడిగేది. ఆ తర్వాత మూడో రోజు ఆయన లేచి కూర్చుని తినడానికి జొన్న గట్క కావాలన్నాడు.

"ఆ రోజు గంత భయపడ్డవేందమ్మా?" అని ఆమెను అడిగాను.

"మా తమ్ముడు జరం తగ్గిందని పత్తిచేనుకు పోయి, ఆడనే పడిపోయిండు సార్. మళ్ళ లేవలే. అప్పటికి నేనింకా నర్సు కాలే. 'జరం పోయినంక పిల్లగాడెట్ల పోయిండే?' అని మా అమ్మ ఇప్పటికీ అడుగుతది. ఇప్పుడు నాకు ఎరుకే. గానీ చెప్పబుద్ధి గాదు."