భుజం దించితే తట్టే గుర్రం

ఇంతవరకు ఎవరికీ చెప్పని మాట ఒకటుంది: చిన్నాయన గుర్రం దొర గడికి పోయింది నా వల్లనే. ఈ పొద్దున మా ఇంటి ముందు టాంగావాడు కదలని గుర్రాన్ని కొరడాతో కొడుతుంటే లోపలికొచ్చి తలుపు వేసుకున్నాను, ఇక ఇది రాయకుండా ఉండలేకపోయాను.

జర్మనీ యుద్ధం నాటి సంగతి, నాకప్పుడు పన్నెండేళ్లు. శంషాబాద్ జాతరలో ఆ గుర్రాన్ని మీలో కొందరైనా చూసే ఉంటారు. తుక్కుగూడ, కందుకూరు నుంచి బండ్లు కట్టుకుని వచ్చేవాళ్లు. ఎన్ని వేళ్లు చూపితే అన్నిసార్లు అది కాలితో నేల తట్టేది. "మా పంతులు కన్న దీనికే లెక్కలు మంచిగొస్తయి" అని నవ్వేవాళ్లు. చిన్నాయన దాన్ని ఒక్కనాడూ కొట్టలేదు. పిడికిట్లో వేయించిన శనగలు పెట్టుకుని, మెడ నిమురుతూ, నెలల తరబడి ఓపికగా నేర్పాడు. దొర రెండుసార్లు కబురు పెట్టాడు. దొర కోరింది ఇవ్వననే ధైర్యం మా ఊళ్లో ఎవరికీ లేదు. చిన్నాయన చేతులు కట్టుకుని, "నేను లేకుంటే అది ఉత్త గడ్డి మేసే జీవమే దొరా, మీకేం అక్కరకొస్తది" అనేవాడు. ఆ మాటే దాన్ని కాపాడింది.

నాకేమో నోరు లేని పిల్లనని పేరు. చూసినవన్నీ నోటుపుస్తకంలో రాసుకునేదాన్ని. మధ్యాహ్నాలు దొరసానికి కథలు చదివి వినిపించడానికి గడికి పంపేవాళ్లు. ఒకరోజు ఆమె, "ఏందే గది, ఎప్పుడు జూసినా రాస్తనే ఉంటవు? జర సదువు, ఇందాం" అంది. నా రాత వింటామన్నవాళ్లు అంతకుముందు ఎవరూ లేరు. ఆ సంబరంలో, చిన్నాయన కుడి భుజం కొద్దిగా దించితే గుర్రం తట్టడం మొదలుపెడుతుందని, ఎత్తితే ఆపుతుందని రాసుకున్న పేజీ చదివేశాను.

"గింతేనా" అంది దొరసాని.

మూడోనాడు గడి మనుషులు వచ్చి గుర్రాన్ని విప్పుకుపోయారు. చుట్టాల ముందు దొర ఎంత భుజం దించినా అది ఊరికే చూస్తూ నిలబడిందట. కొరడా తెప్పించాడు. నెల తర్వాత విసిగి తోలేస్తే మా కొట్టానికి వచ్చింది గాని, చిన్నాయన చెయ్యి లేస్తే చాలు, వణికి వెనక్కు జరిగేది. శనగలు నేల మీద పోసి ఆయన దూరం పోతే తప్ప ముట్టేది కాదు.

ఇప్పుడు ఆ గడికి తాళం పడింది, దొర పట్నం చేరాడు. ఊళ్లో అందరూ ఆయన్ని తిడతారు. వాళ్లతో పాటు నేనూ తల ఊపుతాను.

ఆ ఏడు చలికాలంలో, నేను తప్ప ఇంకా ఎవరూ లేవని వేకువన, చిన్నాయన గుర్రాన్ని తోలుకుని ఊరు విడిచాడు. మళ్లీ కనిపించలేదు. పోతూ పోతూ, కల్లాపి చల్లుతున్న నా దగ్గర ఆగి, మెల్లగా అన్నాడు:

"కందుకూరు దిక్కు పోతున్న బిడ్డా. ఇంట్ల తెల్వనియ్యకు. నువ్వు నోట్లకెల్లి మాట బయట పెట్టవు, అందుకే నీకొక్కదానికే చెప్తున్న."