మోతీ నాలుగు గంటలకే ఇంటికొచ్చేసింది

దెయ్యాల కథలు మొదలైతే లేచి వెళ్ళిపోయే మనిషిని నేను. ముప్పయ్యేళ్ళు జంషెడ్‌పూర్ ఉక్కు కార్ఖానాలో కొలిమి పక్కన పనిచేశాను. కంటికి కనిపించిన ప్రతిదానికీ ఏదో కారణం ఉండి తీరుతుందని నమ్మాను. ఇప్పటికీ నమ్ముతున్నాను. ఇది రాయడం ఎవరినీ నమ్మించడానికి కాదు. నేను చేసిన తప్పు ఒకటుంది. ఆ తప్పు చెప్పకుండా ఆ మూడు రోజుల సంగతి చెప్పలేను.

అరవైల మొదట్లో మాట. నాకప్పుడు ఇరవై నాలుగేళ్ళు. శ్రీకాకుళం దగ్గర మా ఊరి నుంచి వచ్చి, జంషెడ్‌పూర్‌లో బర్మామైన్స్ అనే పేటలో ఒక గది అద్దెకు తీసుకుని ఉండేవాణ్ణి. పక్క వాటాలో రూతమ్మ టీచరుగారు. భీమిలి వైపు క్రైస్తవులు. యాభై దాటిన ఒంటరి మనిషి. ఆవిడకున్న తోడల్లా మోతీ అనే గోధుమరంగు ముసలి కుక్క. నాకూ ఒక కుక్క ఉండేది, టైగర్. ఆదివారం సెలవు దొరికితే దాన్ని తీసుకుని రైలెక్కి, ఎక్కడో కొండ దగ్గర దిగి, సాయంత్రం దాకా తిరిగి రావడం నా సరదా.

మార్చి నెలాఖరులో ఒక ఆదివారం మోతీని కూడా తీసుకెళ్తానని నేనే అడిగాను. ఆవిడ వెనకాడింది.

"పెద్దదైపోనాది నాయనా. అంత దూరం నడవగలదంటావా?"

"నేనున్నాను కదండీ" అన్నాను.

గార్డు పెట్టెలో కుక్కలకి వేరే గూడు ఉండేది. టికెట్లు తీసి రెండింటినీ అందులో ఎక్కించాను. గాలూడీలో దిగాం. స్టేషన్‌కి రెండు మైళ్ళ దూరంలో కొండ. దారి పొడుగునా ఇప్పపువ్వు రాలి ఉంది. మోతీ ముసలిదే అయినా ఆ పూట పిల్లకుక్కలా గెంతుతూ మా ముందే నడిచింది.

కొండ సగం ఎక్కేసరికి కుంటడం మొదలుపెట్టింది. చూస్తే పాదంలో ముల్లు. తీశాను, రక్తం వచ్చింది. ఇంక అడుగు వెయ్యలేకపోయింది. నీడ చూసి, దాని మెడ పట్టీకి టైగర్ గొలుసు తగిలించి ఒక సాల్ చెట్టుకి కట్టేశాను. దోసిట్లో నీళ్ళు పోసి తాగించాను. కొండ పైదాకా వెళ్ళి గంటలో తిరిగి రావాలనే అనుకున్నాను.

పైన చల్లగాలికి కునుకు పట్టేసింది. లేచి వాచీ చూసుకుంటే సరిగ్గా నాలుగు. అయిదింటికి రైలు. అది తప్పితే మళ్ళీ మర్నాడే. మోతీ ఉన్నది కొండకి అవతలి వైపు. అటు దిగితే రైలు అందదు. ఇటు నిటారుగా దిగితే అందుతుంది. తెల్లారి ఆరింటికి నా షిఫ్టు. ఆ నెలలో అప్పటికే రెండు నాగాలు పెట్టి ఫోర్‌మన్ చేత మాటలు పడి ఉన్నాను.

తొందరలో మరిచిపోయానని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. మరిచిపోలేదు. టైగర్ రెండుసార్లు ఆగి, అటు తిరిగి మొరిగింది. నేనే మెడ పట్టుకుని లాక్కొచ్చాను.

రైల్లో కూర్చున్నాక ఒక అబద్ధం అల్లుకున్నాను. టాటానగర్ స్టేషన్ జనంలో బెదిరి పారిపోయిందని చెప్పాలి. రేపు షిఫ్టు దిగగానే మధ్యాహ్నం రైలుకెళ్ళి తెచ్చేయాలి.

ఇంటికి చేరేసరికి ఆరున్నర. నేను నోరు తెరవకముందే టీచరుగారు గుమ్మంలోంచి అడిగింది.

"ఏటి నాయనా, మోతీని ముందే ఒగ్గేసినావా? నాలుగింటికే వచ్చీసింది. ఒకటే దాహం దానికి. ఇందాకే మళ్ళీ బయటికెళ్ళింది."

నాలుగింటికి నేను కొండ మీద ఉన్నాను. ఆ కొండ నుంచి మా ఇంటికి పదిహేను మైళ్ళ పైమాటే. పైగా అది కుంటుతోంది. కానీ రెండో క్షణంలోనే గుండె తేలికపడింది. పట్టీలోంచి తల జారిపోయి ఉంటుంది, ఆవిడ గడియారం తప్పు అయ్యుంటుంది అనుకున్నాను. "స్టేషన్లో తప్పించుకుందండీ" అని అల్లుకున్న అబద్ధమే చెప్పాను. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

సోమవారం షిఫ్టు దిగి వచ్చి ఇంట్లోనే ఉన్నాను. నాలుగింటికి టీచరుగారు కేకేసింది. "వచ్చింది, చూడు!"

బయటికొచ్చాను. పట్టపగలు, మంచి ఎండ. ఆవిడ గుమ్మం ముందు మోతీ బేసిన్లో మూతి పెట్టి నీళ్ళు తాగుతోంది. నాకూ దానికీ మధ్య పది అడుగులుంటాయి. మెడకి పట్టీ అలాగే ఉంది. దాని చుట్టూ బొచ్చు ఊడి, చర్మం ఎర్రగా కొట్టుకుపోయి ఉంది. "మోతీ" అని పిలిచాను. చెవి కూడా కదల్చలేదు. నా వెనక టైగర్ పొట్ట నేలకానించి మూలుగుతోంది. ఎంత లాగినా గడప దాటలేదు.

మెడ మీద పుండు చూసి కూడా గొలుసు తెంపుకోవడంలో అయిందని సరిపెట్టుకున్నాను.

మంగళవారం టీచరుగారే అంది, "అంతసేపు తాగతంది గానీ, బేసిన్లో నీళ్ళు తగ్గడం నేదు నాయనా" అని. నేను నవ్వేశాను. బుధవారం మోతీ రాలేదు. గురువారం కూడా రాలేదు. శుక్రవారానికి నాకు అన్నం సయించలేదు. అయినా ఆదివారం దాకా ఆగి, అప్పుడు గాలూడీ రైలెక్కాను.

చెట్టు దగ్గరికి చేరకముందే వాసన వచ్చింది. గొలుసు తెగలేదు. పట్టీ ఊడలేదు. మోతీ ఆ గొలుసుకే ఉంది, చనిపోయి. గొలుసు అందినంత మేరా నేలంతా కాళ్ళతో దువ్వేసి ఉంది. ఇప్పపువ్వు ఏరుకునే ఒక ముసలావిడ వచ్చీరాని హిందీలో చెప్పింది. ఆ వైపు నుంచి మూడు రోజులు ఏడుపు వినిపించిందట. ఏ జంతువో ఉచ్చులో పడిందని భయపడి అటు పోలేదట. నాలుగో రోజున ఆగిపోయిందట.

రాళ్ళు పేర్చి దాన్ని అక్కడే కప్పెట్టాను.

సాయంత్రం టీచరుగారు గుమ్మంలో కూర్చుని పిల్లల నోటు పుస్తకాలు దిద్దుకుంటోంది. మెట్టు మీద కూర్చుని అంతా చెప్పేశాను. గొలుసు, రైలు, అబద్ధం, అన్నీ. ఆవిడ చేతిలోని పుస్తకం మూసేసింది.

"సోమవారం నువ్వూ చూసినావు కదా?" అంది.

"చూశానండి."

"దాని మెడ చూసినావా?"

"చూశాను."

"మరెందుకు ఎల్లనేదు?"

తిట్టలేదు. ఏడవలేదు. మళ్ళీ పుస్తకం తెరిచింది. ఆ ఎండాకాలమే వేరే ఊరి బడికి మారిపోయింది.

ఇద్దరం పొరపడ్డామనుకుందామా అంటే, ఆ మెడ మీద పుండు కొండ మీద దాన్ని కప్పెట్టేటప్పుడు కూడా కళ్ళారా చూశాను. అదే చోట, అదే వెడల్పున. పోనీ దెయ్యం అనుకుందామా అంటే, ఆ మూడు రోజులూ మోతీ బతికే ఉంది. అలాంటప్పుడు ఆ గుమ్మం ముందు నీళ్ళు తాగింది ఏమిటో నాకు ఈ రోజుకీ తెలియదు. అది కనిపించకపోయి ఉంటే, అనుకున్నట్టు ఆ సోమవారం మధ్యాహ్నం నేను రైలెక్కి ఉండేవాణ్ణా అన్నది కూడా తెలియదు.