బక్కయ్య మామ మళ్ల గడ పట్టిండు

ప్రాణహిత మీద వంతెన పడకముందు అవతలి ఒడ్డుకు పోవాలంటే మాకు పడవే దిక్కు. మహారాష్ట్రల ఉన్న మా సిరొంచ రేవుల ఎన్ని పడవలున్నా జనం బక్కయ్య మామ పడవ కోసమే నిలబడేది. పేరుకే బక్కయ్య, మనిషి మాత్రం గట్టి మనిషి. నది ఎర్రగ పొంగి వచ్చినప్పుడు గూడ పడవ నూకే గడ ఎక్కడ నాటాలె, సుడి ఎక్కడ తప్పియ్యాలె ఆయనకు అరికాళ్లతోనే తెలిసేది. పడవ చెక్క కింద నీళ్లు ఎట్ల కదులుతున్నయో పాదాలకు తగిలేదట. "బక్కయ్య ఉన్నడు, భయం లేదు" అనుకుంట పెండ్లి పిల్లలు, బాలింతలు, మేకలు, సైకిళ్లు అన్నీ ఆయన పడవ ఎక్కేవి. మేము ఆయన ఇంటి పక్కోళ్లం. నేను ఆయనను మామ అంట, ఆయన భార్య కిష్టమ్మను అత్త అంట.

వంతెన పడ్డది. మొదటి బస్సు దాని మీదికెల్లి పోయిన దినం ఊరు ఊరంతా పోయి చూసొచ్చింది. బక్కయ్య మామ రేవులనే కూసున్నడు. ఇగ పడవ ఎక్కేటోళ్లు లేరు. కొన్ని దినాలు చేపలకు పోయిండు, తర్వాత అదీ మాని బస్టాండు కాడ చిన్న చాయ హోటల్ పెట్టుకున్నడు. ఒక్క మాట మీద మాత్రం నిలబడ్డడు: "నా కడుపు కొట్టిన వంతెన మీద కాలు పెట్ట." అవతలి ఒడ్డున సొంత చుట్టాల ఇంట్ల పెండ్లయినా కిష్టమ్మ అత్తను బస్సెక్కించి తాను ఆగిపోయేది.

హోటల్ల పొద్దంతా కుర్చీలనే. వచ్చినోడు "నువ్వు గూడ తాగు మామా" అంటే వాళ్లతోటి ఒక చాయ. మిర్చీలు కాలితే వేడి వేడివి నోట్లె. ఒక బుగ్గల ఎప్పుడూ ఖర్రా, అదే వక్క, పొగాకు, సున్నం కలిపి నలిపింది. ఇంటికొస్తే నది మీద గడ వేసిన దినాలల్ల ఎంత అన్నం తిన్నడో అంతే తినేది. కష్టం పోయింది గాని తిండి పోలే. పొట్ట పెరిగింది. దూప ఎక్కువైంది, నిద్రల లేచుడు ఎక్కువైంది. సర్కారు దవాఖానల పరీక్ష చేసి షుగర్, బీపీ రెండూ ఉన్నయని గోలీలిచ్చిండ్రు. మామ యాదికొస్తే మింగిండు, లేకుంటే లేదు. "నాకేం నొప్పి లేదు గదా" అనేది.

నొప్పి తెల్వకపోవుడే అసలు ఆపద అని అప్పుడు మాకెవ్వలకు ఎరుక లేదు.

ఒక పొద్దుగాల కిష్టమ్మ అత్త ఇల్లు ఊడుస్తుంటే బండల మీద నెత్తురు అడుగులు కనిపించినయి. వాటి వెంబడి పోతే మామ గల్మల, గడప కాడ కూసొని నిమ్మళంగ పండ్లు తోముకుంటున్నడు.

"ఏందయ్యా, కాలుకు ఏమైంది?"

"ఏం కాలే."

అత్త ఆయన కాలు లేపి చూసింది. చిటికెన వేలు మొదట్ల తుమ్మ ముల్లు విరిగి లోపలనే ఉన్నది. ఎన్నడు దిగిందో ఏమో, చుట్టూ చీము పట్టి నల్లగ అయింది. మామకు తెలియనే తెలియదు. చెక్క కింద నది కదిలితే పసిగట్టిన పాదం అది. అత్త కేక పెడితే నేను ఉరికి పోయిన. మామ ఆ కాలును రెండు చేతులతోటి పట్టుకొని, వేరే ఎవ్వలదో కాలును చూసినట్టు చూస్తున్నడు.

జీపుల పండబెట్టి వంతెన దాటించి వరంగల్ తీసుకపోయిండ్రు. అక్కడ డాక్టర్ చిటికెన వేలు తీసేసిండు. "షుగర్ తోటి కాలు మొద్దుబారింది, అందుకే ముల్లు తెల్వలే. ఈసారి వేలుతోటి పోయింది. షుగర్ గిట్లనే ఉంటే వచ్చేసారి పాదం పోతది" అని మొహం మీదనే చెప్పిండు.

ఇంటికొచ్చినంక మామ గోడ దిక్కు తిరిగి పన్నడు. ఎవ్వలు పలకరించినా పలకలే. అట్లాంటప్పుడు కట్టు మార్చేటందుకు ప్రతిభ సిస్టర్ వచ్చింది. సర్కారు దవాఖానల నర్సు ఆమె, నాగేపల్లి పిల్ల. చదువంతా మరాఠీల అయింది గాని తెలుగు మనలెక్కనే మాట్లాడుతది. కట్టు కట్టినంక పోకుంట కూసున్నది.

"అత్తా, మామకు రోజూ ఎట్ల పెడ్తవో గట్లనే అన్నం పెట్టు. జర చూస్త."

కిష్టమ్మ అత్త పళ్లెం నిండ తెల్లటి అన్నం పెట్టి, నడిమిట్ల గుంట చేసి పప్పుచారు పోసి, అంచుకు ఇంత ఆలుగడ్డ కూర వేసింది. సిస్టర్ గంటె తీసుకొని ఆ అన్నం మీద గీతలు గీసింది.

"ఇగో, సగం పళ్లెం ఆకుకూర, కూరగాయ. మిగిలిన సగంల సగం పప్పో, చేపనో, గుడ్డో. ఇగ మిగిలిన జాగల అన్నం, లేకపోతే జొన్న రొట్టె."

మామ లేచి కూసున్నడు. కోపంతోటే అయినా ఇంటికొచ్చినంక నోరు తెరిచింది అప్పుడే. "గింత అన్నం పిట్టకు పెడ్తరు, మనిషికి గాదు."

"నది మీద గడ వేసినప్పుడు ఎంత తిన్నా అరిగింది మామా. ఇప్పుడు కుర్చీల కూసుంటున్నవు. నువ్వు మళ్ల గడ వేస్తనంటే చెప్పు, అప్పుడు ఇంకింత పెట్టమంట."

"పడవలే లేవు గదా బిడ్డా, ఇగ గడ ఎక్కడిది?"

"ముందుగాల కాలు ఉండనీ. పడవ సంగతి తర్వాత చూద్దాం."

ఆ మాట మామకు తగిలింది. కాని ఆయన మొండి మనిషి. తగ్గియ్యమంటే పూర్తిగ మానేసిండు. పొద్దుగాల గోలీలు మింగుడు, మధ్యాహ్నం దాకా ఏం తినకపోవుడు. షుగర్ ను ఉపాసం పెట్టి చంపుత అన్నడు. పుండు మాని హోటల్ తెరిచిన కొన్ని దినాలకు, చాయ వడపోస్తుండగనే ఒళ్లంత చెమటలు పట్టి, చేతులు వణికి కింద కూలబడ్డడు. పక్కన పంచర్ దుకాణం శంకరన్న ఉరికొచ్చి లేపి కూసోబెట్టి చక్కెర నీళ్లు తాపిండు. జర సేపటికి మామ తేరుకున్నడు. దవాఖానకు తీసుకపోతే ప్రతిభ సిస్టర్ మస్తు కోపం చేసింది.

"ఎవ్వలు తినొద్దన్నరు నిన్ను? గోలీ మింగి తినకపోతే షుగర్ పడిపోతది, పానం మీదికి వస్తది. తక్కువ తిను, మంచిది తిను, యాళ్లకు తిను. నేను చెప్పింది గదే."

మామ తల దించుకున్నడు. "సరే బిడ్డా. ఇగ నువ్వు చెప్పినట్టే."

అక్కడి సంది కిష్టమ్మ అత్త పని మొదలైంది. ఇంటెనుక జాగల బచ్చలి, తోటకూర, గోంగూర పెట్టింది. బీర తీగను పందిరికి పాకించింది. జొన్నలు గిర్నీ పట్టించింది. చిన్నప్పుడు తల్లి దగ్గర నేర్చిన రొట్టె చేసుడు వరి అన్నం అలవాటై మరిచిపోయింది. మొదట్ల పెనం మీదనే ఇరిగిపోయేవి. మామ ఆ ముక్కలనే పప్పుల ముంచుకొని తిన్నడు. చేపలు నూనెల గోలించుడు మాని పులుసు పెట్టింది, ఉప్పు తగ్గించింది. ఇద్దరికీ ఒక్కటే వంట. "ఆయనకో కూర, నాకో కూర అయితే ఆయన కన్ను నా పళ్లెం మీదనే ఉంటది" అనేది నాతోటి.

తిండి కంటే కష్టమైంది చాయ. పొద్దంతా చక్కెర డబ్బా ముంగట నిలబడే మనిషి తన చాయల మాత్రం చక్కెర వేసుకోవద్దు. మొదటి దినం నోట్లె పోసుకొని బయటికి పోయి ఉమ్మిండు. "గిది చాయ గాదు, కషాయం."

శంకరన్న నవ్విండు. "ఒక్క చెంచ వేసుకో మామా. సిస్టర్ వచ్చి చూస్తదా?"

"సిస్టర్ చూడది. నా కాలు చూస్తది" అన్నడు మామ. గిలాస కడిగి మళ్ల చక్కెర లేని చాయనే పోసుకున్నడు.

ఖర్రా ఇంకా పరేషాన్ చేసింది. మానిండు, మళ్ల మొదలుపెట్టిండు. మళ్ల మానిండు. బుగ్గల సోంపు పెట్టుకొని తిరిగిండు. ఆ దినాలల్ల ఇంట్ల గిన్నె చప్పుడైనా కసురుకునేది. అత్త బచ్చలాకు తెంపుకుంట కూసునేది. ఎన్నోసారికి మానిండో ఏమో, ఇగ మళ్ల ముట్టలే.

ఇగ నడక మిగిలింది. రేవు బాట పొంటి తుమ్మ ముండ్లు, ఊరి సందులల్ల కంకర. మొద్దుబారిన కాలుకు సాపు బాట కావాలె అన్నది సిస్టర్, మెత్తటి చెప్పులు గూడ ఇప్పించింది. మా దిక్కు అంత సాపు బాట ఒక్కటే, వంతెన.

ఆ పేరు వినంగనే మామ మొహం గంటు పెట్టుకున్నడు. పొద్దుగాల చెప్పులేసుకొని వంతెన మొదటిదాకా పోయేది, తిరిగొచ్చేది. మరునాడు గూడ అంతే. ఒకనాడు అత్త ఆయన వెంబడి పోయింది. ఆ ముచ్చట ఆమెనే నాకు చెప్పింది. వంతెన మొదట్ల మామ ఆగిపోయి, "నా పడవను గిదే మింగింది కిష్టమ్మా" అన్నడట.

"మింగింది, నేను కాదంటనా?" అన్నదట అత్త. "ఇప్పుడు నీ కాలు నిలబెట్టేది గూడ గిదే అంటున్నరు. దాని మీద కోపంతోటి నీ కాలు పోగొట్టుకుంటవా?"

మామ అత్త చెయ్యి పట్టుకొని నడిచిండట. వంతెన నడిమిట్లకు పోయినంక కిందికి చూసిండు. పుట్టిన కాడికెల్లి ఆ నది మీదనే బతికిన మనిషి, దాన్ని పైనుంచి ఎన్నడూ చూడలే. ఇసుక మేటలు, లోతు పాయలు, సుడి తిరిగే జాగలు అన్నీ చెయ్యి చాపి అత్తకు చూపెట్టుకుంట పోయిండట. "గా జాగల పడవ పెడ్తే ఎందుకు లాగేదో ఇయ్యాల సమజైంది" అన్నడట. ఎక్కడ ఆగాలెనో మరిచి అవతలి ఒడ్డుదాకా పోయిండ్రు. అప్పటి సంది పెద్ద వాన పడితే తప్ప నడక ఆగలే.

పొట్ట దిగింది. మొహంల కళ వచ్చింది. దవాఖానల నెత్తురు పరీక్ష చేసిన డాక్టర్ "శాబాస్ మామా" అని వీపు తట్టి, షుగర్ గోలీ ఒకటి తగ్గించిండు. బీపీ గోలీ అట్లనే ఉంచిండు. ఆ దినం మామ హోటల్ల అందరికీ వినబడేటట్టు చెప్పిండు: "డాక్టర్ తగ్గించిండు, నేనేం మానలే. ఎవ్వలు గూడ తమంతల తాము గోలీలు మానకుండ్రి."

అట్లున్నప్పుడు ప్రాణహిత పుష్కరాలు వచ్చినయి. ఎక్కడెక్కడి జనమో మా ఘాట్ల మీద దిగిండ్రు. ఘాట్ల కాడ పడవల మీద కాపలా ఉండేటందుకు తహసీల్ ఆఫీసోళ్లు నది తెలిసినోళ్లను పిలిచిండ్రు. మామ పోయి వరుసల నిలబడ్డడు. డాక్టర్ ఆయన కాలు, బీపీ, షుగర్ అన్నీ చూసి ఒప్పుకున్నడు. పడవలనే ఉండాలె, నీళ్లల్ల దిగొద్దు, చెప్పులు ఇడవద్దు, తిండి యాళ్ల తప్పొద్దు అన్నడు. మామ ఇంటికొచ్చి అటక మీది పాత గడ దించిండు. అత్త దాన్ని తడిగుడ్డతోటి తుడిచి వాకిట్ల నిలబెట్టింది. దారి పొంటి పోయేటోళ్లందరూ చూడాలెనని ఆమె మనసు.

పుష్కరాలు అయ్యేదాకా మామ నది మీదనే. ఎండ మండిపోతుండె. అత్త జొన్న రొట్టె, పప్పు, దోసకాయ ముక్కలు, మజ్జిగ కట్టిచ్చేది. ఎంత జనమున్నా యాళ్లకు పడవ నీడకు పెట్టి తినేది. జేబుల ఒక చక్కెర పొట్లం ఉంచుకున్నడు. తోటి పడవ పిలగాండ్లు నవ్వితే, "గిది రుచికి గాదురా, పడిపోతే లేపేటందుకు" అన్నడు.

ఒకనాడు మధ్యాహ్నం ఒక ముసలవ్వ తాడు దాటి ముందుకు పోయింది. అక్కడ ఇసుక కోసుకపోయి ఉన్నది. ఒడ్డు మీదోళ్లు చూసేవరకే ఆమె మెడదాకా మునిగింది. మామ అప్పటికే పడవ మర్లేసిండు. నీళ్ల రంగు చూసే ఆ జాగ మీద కన్నేసి ఉంచిండట. పడవను అడ్డం నిలిపి గడ చాపిండు.

"గడ పట్టుకో అవ్వా! ఇడువకు, నేనున్న!"

అవ్వ పట్టుకున్నది. మామ కాళ్లు చెక్కకు ఆనిచ్చి గుంజిండు. పడవ పిలగాండ్లు ఆమె రెక్కలు పట్టి పైకి లేపిండ్రు. ఒడ్డు మీద జనం ఒక్కసారే కేకలు పెట్టిండ్రు. కిష్టమ్మ అత్త ఆ దినం స్నానానికి వచ్చి అక్కడనే ఉన్నది. పక్కనున్న ఆడోళ్లు, "ఎవ్వలమ్మా గాయన?" అంటే, "మా ఆయన" అన్నది. చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకొని ఏడుసుకుంట నవ్వింది.

మామకు షుగర్ పోయిందని నేను చెప్ప. ఉన్నది. పెండ్లిళ్లల్ల లడ్డు చూస్తే ఇప్పటికీ చెయ్యి పోతది, మరునాడు పొద్దుగాల ఇంకింత దూరం నడుస్తడు. రోజూ కాలు కింద అద్దం పెట్టి అరికాలు చూసుకుంటడు.

మొన్నొకసారి రేగుంట ఊర్ల దవాఖానోళ్లు షుగర్ పరీక్షలు పెట్టిండ్రు. ప్రతిభ సిస్టర్ మామను, అత్తను గూడ తీసుకపోయి మామ చేతికి మైకు ఇచ్చింది. మామ ఎన్నడూ మైకు పట్టలే. గొంతు సవరించుకొని, "నేను అన్నం తగ్గించిన, ఖర్రా మానిన, నడిచిన" అనుకుంట చెప్పుకపోయిండు. ఆడోళ్ల నడుమల కూసున్న అత్త ఉండబట్టలేక లేచింది.

"తిన్నది నువ్వే, నడిచింది నువ్వే. వండింది ఎవ్వలో చెప్పవేంది?"

అందరూ నవ్విండ్రు. మామ గూడ నవ్వి, "ఇటు రా, నువ్వే చెప్పు" అన్నడు. అత్త మొదట్ల సిగ్గుపడ్డది. ఒకామె "మా ఇంట్ల ఆకుకూర అంటే పిల్లలు ముట్టరు, ఎట్ల చేస్తవు?" అని అడగంగనే సిగ్గు పోయింది. తోటకూర పప్పుల ఎప్పుడు వెయ్యాలె, ఎంత ఉడకాలె, చింతపండు ఎంత పడాలె అని చేతులు తిప్పుకుంట చెప్పుడు మొదలుపెట్టింది. ఆడోళ్లు దగ్గరికి జరిగిండ్రు. అత్త అటు తిరిగితే అటు, ఇటు తిరిగితే ఇటు, మైకు ఆమె నోటికి అందేటట్టు పట్టుకొని మామ పక్కనే నిలబడ్డడు.