ఫోనుకు దిష్టిచుక్క

ముఖానికి పిల్లి మీసాలు అతికించే ఆట ఒకటి మా ఆరేళ్ళ మనవరాలు నా ఫోనులో దింపుకుంది. తెరవగానే అది 'చిట్టి నేస్తమా' అంటూ పాప పేరు, పుట్టినరోజు, ఫొటో అడిగింది. పత్రికలో పనిచేసిన రోజుల్లో నేనైనా తొలి పరిచయంలోనే ఎవరినీ ఇన్ని ప్రశ్నలు అడిగి ఎరగను. "ఇవన్నీ ఎవరి చేతిలో పడతాయో తెలీదమ్మా, వద్దు" అన్నాను. పాప మూతి ముడుచుకుంది.

ఇంతలో మా ఆవిడ వంటింట్లోంచి వచ్చింది. "ముక్కూ మొహం తెలియనోళ్ళకి పిల్లని చూపిస్తే దిష్టి కొట్టదేంటి?" అంటూ వేలికి కాటుక అద్దుకుని కెమెరా మీద ఇంత చుక్క పెట్టేసింది.

"ముఖం కనిపించడం లేదు" అంది ఫోను.

"కనిపించకూడదనే పెట్టానండి" అని మా ఆవిడ దానికి మర్యాదగా జవాబిచ్చింది.

"మరి నా మీసాలో?" అంటూ పాప ఏడుపు లంకించుకుంది.

మా ఆవిడ కొంగుతో కాటుక తుడిచి, ఫోను నా వైపు తిప్పింది. "మీరు కూర్చోండి. ఈ మొహానికి దిష్టేం తగులుతుంది?"

పేరు దగ్గర పాప చెప్పినట్టే 'తాతయ్య' అని కొట్టాను. నా మీసాల మీద మీసాలు మొలిచాయి. పాప పొట్ట పట్టుకుని నవ్వింది.

అప్పటినుంచీ ఆ ఆట రోజూ పొద్దున్నే నన్ను పలకరిస్తోంది: "చిట్టి తాతయ్యా, ఆడుకుందామా?"