లచ్చవ్వ క్యాసెట్, సాల్మన్ సారు కంప్యూటరు

నిన్న పక్క వెల్డింగు షాపులో ఇనుప గొట్టం కోస్తుంటే వచ్చిన కీచుమనే చప్పుడుకు నా పళ్లు జివ్వుమన్నాయి. అచ్చం లచ్చవ్వ క్యాసెట్ మోతే! వెంటనే సాల్మన్ సారు గుర్తొచ్చారు. ఆయన పోయి రెండేళ్లు. భైంసా పత్తి మార్కెట్ వెనక గల్లీలో ఆయన రిపేరు దుకాణంలోనే నేను సోల్డరింగ్ నేర్చుకున్నాను. ఏ వస్తువునూ "ఇది పనికిరాదు" అనని మనిషి. ఆ మొండితనమే ఒకసారి కొంప ముంచింది.

లచ్చవ్వ భర్త మస్కట్‌లో ఒక సేటు ఇంట్లో డ్రైవరు. అప్పట్లో గల్ఫ్‌కు పోయినవాళ్లు ఉత్తరాలకు బదులు మాటలు క్యాసెట్లో నింపి పంపేవాళ్లు. ఆయన చివరి క్యాసెట్ పెట్టగానే కీచుమని మోత. టేప్‌రికార్డరు పాడవుతుందని ఇంట్లోవాళ్లు వెంటనే ఆపేశారట. నెల తిరగకుండానే ఆయన అక్కడే చనిపోయాడు. ముప్పై ఏళ్లు దాచుకున్న ఆ క్యాసెట్‌ను ఆమె బల్ల మీద పెట్టింది.

"పోయెటప్పుడు మొకం తిప్పుకొని బస్సెక్కిండు సారూ. ఎందుకో గీ క్యాసెట్ల జెప్పిండేమో. చెవులు మందమైతున్నయి. పూర్తిగ పోకముందే ఇనాలె."

సారు రెండు క్షణాలు విని టక్కున ఆపారు. "గిది కంప్యూటర్ చప్పుడు బిడ్డా," అన్నారు నాతో. పాత ఇంటి కంప్యూటర్లు తమ ప్రోగ్రాములను ఇలా మోతగానే క్యాసెట్లలో దాచుకునేవి. "రూముల పదిమంది ఉంటరు. పెండ్లానికి మనసుల మాట అందరి ముంగట ఎట్ల జెప్తడు? సేటు పిల్లల కంప్యూటర్ల ఇంగ్లీషు అక్షరాలతోని టైపు జేసిండు." నేనూ నమ్మాను.

అప్పట్లో మస్కట్ ఇళ్లల్లో వాడిన అరబ్బీ కంప్యూటరు ఎక్కడా దొరకలేదు. ఒక బడివాళ్లు పారేసిన వేరే రకం పాత కంప్యూటరు మా అటక మీద ఉంది. రెండింటిలో ప్రధానమైన చిప్పు ఒకటే, మిగతాదంతా తేడా. దీన్నే దానిలా నడిపిస్తానని సారు పట్టుబట్టారు. అరబ్బీ కంప్యూటరు మూల ప్రోగ్రామును వెతికి కొత్త చిప్పులోకి ఎక్కించారు. తెర మీద బొమ్మ చూపే చిప్పు కోసం హైదరాబాద్ పాత సామాను బజారంతా తిరిగారు. సన్నని తీగలు అతికీ అతికీ నా వేళ్లు బొబ్బలెక్కాయి. పక్కన ఒక స్విచ్చు: పైకి నొక్కితే బడి కంప్యూటరు, కిందికి నొక్కితే మస్కట్ కంప్యూటరు. ఐదు నెలలు పట్టింది. తెర మీద అరబ్బీ అక్షరాలు మెరిసిననాడు సారు గంతేశారు.

లచ్చవ్వను పిలిపించాం. అప్పటికే చెవిలో అరిస్తే తప్ప ఆమెకు వినబడటం లేదు. ఉత్తరం చదివి వినిపిస్తాం కదా అని మేం దిగులు పడలేదు. టేప్‌రికార్డరును తీగతో కంప్యూటరుకు కలిపితే దాని స్పీకరు పలకదు. టేపు చప్పుడు లేకుండా తిరిగింది. తెర మీదికి ఉత్తరం రాలేదు. ఫుట్‌బాల్ ఆట వచ్చింది! సారు మొహం పాలిపోయింది. విసురుగా తీగ పీకేశారు. టేపు మాత్రం ఇంకా తిరుగుతోంది, స్పీకరు పలికింది.

"లచ్చీ, ఇంటున్నవా? సేటు కొడుకు పారేసిన క్యాసెట్ల మాట్లాడుతున్న..."

అది లచ్చవ్వ భర్త! ఆట అయిపోయాక మిగిలిన టేపులో ఆయన తన గొంతుతోనే మాట్లాడాడు. ఆ మోత ఆగేదాకా ముప్పై ఏళ్లు ఎవరూ ఓపిక పట్టలేదు. అన్నీ తెలిసిన మేమూ పట్టలేదు. సారు కుర్చీలో కూలబడ్డారు. ఇయర్‌ఫోన్లు పెట్టి చూశాం. "గాలి లెక్క ఉన్నది," అంది లచ్చవ్వ.

ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. సారు ఆమె చెవి దగ్గరికి వంగి అరిచారు. "తప్పు నాది అక్కా! మొదటి దినమే ఊకె నడవనిస్తె నువ్వే ఇనేదానివి. నా తెలివి జూపెట్టుకోవాలని ఆగం జేసిన."

నేను నిర్ఘాంతపోయాను. ఆయన నోట ఆ మాట ఎన్నడూ వినలేదు. లచ్చవ్వ ఇయర్‌ఫోన్లు తీసి సారు చేతిలో పెట్టింది. తర్వాత, "ఇగ నువ్వే జెప్పు. ఏమన్నడు?" అంది.

చర్చిలో పాట పాడటానికే సిగ్గుపడే మనిషి, టేపు ఆపి ఆపి, గల్లీ అంతా తొంగిచూస్తుంటే ఒక్కో మాటా అరిచారు. "లచ్చీ, నీ మీదనే పానమున్నది! మొకం తిప్పుకున్నది కోపంతోని గాదు! నేను గూడ ఏడుస్తుంటి, నువ్వు జూస్తవని!"

"గంతేనా?" అంది లచ్చవ్వ. "ముప్పయ్యేండ్లు నేను గూడ కోపం బెట్టుకుంటిని గదా సారూ." కొంగుతో మొహం కప్పుకుంది.

దుకాణం ఇప్పుడు నాది. ఎవరేం తెచ్చినా వాళ్లు చెప్పేది పూర్తయ్యేదాకా స్క్రూడ్రైవరు ముట్టను. అది అలవాటైంది. కానీ ఆ రోజు గల్లీ అంతా వినేలా సారు అరిచిన "తప్పు నాది" అనే మాటను మాత్రం, నేను ఇప్పటికీ మెల్లగా కూడా అనలేకపోతున్నాను.