కమ్మకు కట్టిన దారం

మా చెల్లెలు నంద్యాలలో పత్తి గింజ తీసే మిల్లులో 1976లో చేరింది. నేను ఆళ్లగడ్డలో లెక్కల టీచరును. శనివారం బడి విడవగానే బస్సెక్కి దాని దగ్గరికి వెళ్లేదాన్ని. రెండో ఏడు నేనొకటి అడిగితే అది ఇంకొకటి చెప్పడం మొదలుపెట్టింది.

"చెవులు ఇనపడడం లేదా ఏంది?"

"సాయంత్రం మూసుకుంటాయక్కా. పొద్దునకు అవే తెరుచుకుంటాయిలే."

నాకు మాట చాలదు, కొలత కావాలి. బల్లమీద అలారం గడియారం పెట్టి, చెల్లెల్ని కళ్లు మూసుకుని వెనక్కి నడవమన్నాను. టిక్కుమనే చప్పుడు వినపడడం ఆగినచోట సుద్దతో గీత గీశాను. శనివారం సాయంత్రం రెండడుగులు, ఆదివారం పొద్దున ఏడు. నాకైతే తొమ్మిది. నాలుగు నెలలకు పొద్దుటి గీత ఆరుకు వచ్చింది. తెరుచుకుంటాయన్న చెవులు పూర్తిగా తెరుచుకోవడం లేదు.

"దూది పెట్టుకుంటానే ఉండాం గదా! పత్తిమిల్లులో దూదికి కరువా?" అంది.

మిల్లులో అందరిదీ అదే నమ్మకం. చెవుల్లో దూది పెట్టించి మళ్లీ గడియారం ముందు నిలబెట్టాను. వినపడే దూరం తగ్గింది ఒక్క అడుగే. దూది దుమ్మును ఆపుతోంది కాని మోతను ఆపడం లేదు.

అహోబిలం దారిలో అడవితేనె అమ్మేవాళ్ల దగ్గర మైనం కొన్నాను. చెవుల్లో పెట్టిన ఉత్త మైనం ఉండలు గట్టిగా ఉండి, మధ్యాహ్నానికే నొప్పెట్టి తీసేసింది. ఈసారి మైనం రెండు పాళ్లు, నువ్వులనూనె ఒక పాలు కరిగించి, అందులో దూది కలిపి చింతగింజంత ఉండలు చేశాను. అరచేతిలో వెచ్చచేసి చెవి ద్వారం దగ్గర అదిమితే చాలు, లోపలికి తోయకూడదు.

నొప్పి పోయింది. కాని మూడోనాడు ఒక ఉండ జారి దూదిలో పడింది. మేస్త్రీ మండిపడ్డాడు.

"తెల్లటి దూదిలో నూనె మరకేందమ్మా? ఇంగోసారి పడిందా, నువ్వు ఇంటికాడే!"

అప్పుడు ఉండలో దారం పొదిగి, దాని కొసను చెవికమ్మకు కట్టాను. దారం యంత్రంలో చిక్కితే చెవే తెగుతుంది. అందుకే రెండు వేళ్ల పొడవుకు మించనివ్వలేదు, పైన తలగుడ్డ చుట్టించాను. మేస్త్రీ వంగి మరీ చూశాడు.

"అవి పెట్టుకుంటే నేనరిచేది ఇనపడతాదా?"

"నువ్వరిస్తే ఆళ్లగడ్డలో మా అక్కకే ఇనపడతాది లేప్పా," అంది మా చెల్లెలు. చుట్టూ ఉన్న ఆడవాళ్లు నవ్వారట.

ఆ వారం శనివారం సాయంత్రం గీత అయిదు దగ్గర పడింది, ఆదివారం పొద్దున ఆరు. 1984లో అది మిల్లు మానేసేదాకా ఆ ఆరు తగ్గలేదు. పోయిన ఏడో అడుగు మాత్రం తిరిగి రాలేదు. నేను కొలతతోనే ఆగిపోయిన ఆ నాలుగు నెలలకు అదే ఖరీదు. అందుకే ఆ తర్వాత మా చెల్లెలి వీధి నుంచి ఎవరు మిల్లులో కొత్తగా చేరుతున్నా, పనికి పోకముందే వాళ్ల చేతిలో రెండు ఉండలు పెట్టేదాన్ని. గడియారం ముందు నిలబెట్టడం ఆ తర్వాతే.